దీపం గూట్లో మసి

"నా చేతులతోటే పోసిన సాబ్. ఇంకెవ్వల పేరు చెప్పాలె?"

తుకారాం మళ్ళీ అదే మాట అన్నాడు. లాకప్ చువ్వల అవతల గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. జ్వరం ఇంకా దిగలేదు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ జీవరాజు రాయించుకున్న నేరాంగీకారంలో ఉన్నదీ ఈ ఒక్క ముక్కే. తన మెడకు తానే ఉరి తగిలించుకుంటున్న మనిషిని కాపాడటం ఎంత కష్టమో సబిన్‌స్పెక్టర్ దేవసహాయానికి ఆ మధ్యాహ్నం తెలిసివచ్చింది.

జరిగింది చెప్పుకోవాలంటే నాలుగు మాటలే. సోమవారం పొద్దున కాప్రా చెరువు కట్ట మీద తుకారాం పాత పికప్ బండి బ్రేకులు పడక, తూము మలుపులో రాతిగోడను గుద్దుకుంది. నడుపుతున్న సోమయ్య ఎగిరి రాళ్ళ మీద పడి అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. సోమయ్యా తుకారామూ బోయిగూడలో ఒకే గల్లీలో పెరిగినవాళ్ళు, బండిలో చెరిసగం. కాప్రా తోటల్లో కూరగాయలు ఎక్కించుకొచ్చి సికింద్రాబాదు మార్కెట్లో దింపడం వాళ్ళ బతుకుతెరువు. ఎప్పుడూ బండి నడిపేది తుకారామే. ఆ ఒక్కరోజు జ్వరమని ఇంట్లో పడుకున్నాడు. జీవరాజుకు అంతకంటే ఏం కావాలి? పైగా బండి అమ్మేద్దామని సోమయ్య, వద్దని తుకారాం గల్లీ అంతా వినేలా కీచులాడుకుని ఎన్నాళ్ళో కాలేదు. బ్రేకుల్లో ఆముదం పోసి కావాలనే చంపాడని సాయంత్రానికల్లా తుకారాం చేతులకు బేడీలు పడ్డాయి.

ఇవాళ గురువారం. రేపు పొద్దున అతన్ని ప్రత్యేక కోర్టు ముందు నిలబెడతారు. రజాకార్లు ఒకప్పుడు ఆ బండిని బలవంతాన పట్టుకుపోయి వాడుకున్న సంగతిని కూడా జీవరాజు కాగితాల్లో ఎక్కించాడు, అదీ తుకారాం మనసారా ఇచ్చినట్టుగా. పోలీసు యాక్షన్ అయి ఎనిమిది నెలలైంది. రజాకారు అన్న మాట పక్కన పేరు పడ్డవాడు మళ్ళీ ఇల్లు చూస్తాడని జనం నమ్మడం మానేశారు.

దేవసహాయాన్ని తినేస్తున్న దిగులు ఇంకొకటి ఉంది. సోమయ్య చావుకు సరిగ్గా వారం ముందు తుకారాం రహస్యంగా దేవసహాయం ఇంటికి వచ్చాడు. రాంగోపాల్‌పేట్‌లో మిలిటరీ వదిలేసిన డిస్పోజల్ సామాన్లు అమ్మే లూకా గోదాము నుంచి కిరాయికి పెట్టెలు మోస్తుంటే ఒకటి జారి పగిలిందట. పైన స్పేర్‌పార్టులని రాసి ఉంది, లోపల తుపాకులున్నాయి. "నోరు మూసుకోనుండు, నేను చూసుకుంట" అని చెప్పి పంపాడు దేవసహాయం. చూసుకున్నదేమిటంటే, మర్నాడు రిపోర్టు రాసి పై అధికారి చేతిలో పెట్టడం. వారం తిరగకుండా సోమయ్య చచ్చిపోయాడు, తుకారాం కూర్చోవలసిన సీట్లో కూర్చుని. అప్పట్నుంచి దేవసహాయానికి ముద్ద దిగడం లేదు.

"పోసినవ్, సరే. ఏం నూనె పోసినవో అది చెప్పు."

"కంపెనీ నూనె సాబ్. లూకా సాబ్ ఇచ్చిండు. పోయిన గురువారం ఇంటిదాంక వచ్చి ఇచ్చిండు. ఇంకెన్ని దినాలు ఆముదం పోస్తవ్‌రా, బార్డర్లు తెరుచుకున్నయ్, మంచి సరుకు వస్తున్నది, ఇది పోసి చూడు అన్నడు. పైసలు సుత వద్దన్నడు."

"డబ్బా సీలుతో ఉండెనా?"

"ఉండె. అందుకే చెప్తున్న, నూనె మంచిదే. తప్పు నాదే. పాత ఆముదం అంత పిండి తీసిన, స్పిరిట్‌తోటి కడిగిన. అయినా పైపులల్ల ఏడ్నో జెరంత మిగిలిపోయుంటది. రెండు నూనెలు కలిసి విరిగినయ్ కావచ్చు, పాలల్ల పులుపు పడ్డట్టు. సోమయ్యను నేనే చంపిన సాబ్. జైలుకే పంపుండ్రి."

ఆముదం మాట వింటే బయటివాళ్ళు నవ్వుతారు గానీ, యాక్షన్‌కు ముందు సరిహద్దులు బిగించిన ఏడాదిలో నిజాం సంస్థానంలోకి బ్రేక్ ఆయిల్ డబ్బా రావడమే గగనమైపోయింది. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం. ఆముదంలో స్పిరిట్ కలిపి బ్రేకుల్లో పోసుకుని మోటార్లవాళ్ళు ఆ గడ్డుకాలాన్ని ఈదారు. పోలీసు మోటారు సెక్షన్‌లో మూడేళ్ళు పనిచేసిన దేవసహాయం కూడా ఆ మిశ్రమాన్ని చేత్తో కలిపినవాడే. ఆముదం రబ్బరుకు హాని చెయ్యదు, పైపులో ఇంత మిగిలినంత మాత్రాన మనిషిని చంపదు. అయితే ఆ సీలు డబ్బాలో ఉన్నదేమిటి?

"పరామర్శ అయిందా దేవసహాయం గారూ?"

వెనక జీవరాజు నిలబడి ఉన్నాడు. మద్రాసు రాజ్యం నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన బెజవాడ మనిషి. ఎంత ఎండలోనూ యూనిఫారం మడత నలగదు. దేవసహాయం పాత నిజాం పోలీసుల్లోంచి మిగిలినవాడు, సికింద్రాబాదులోనే పుట్టి పెరిగాడు. ఆదివారం ఇద్దరూ ఒకే చర్చిలో ఒకే వరుసలో కూర్చుంటారు. మిగతా ఆరు రోజులూ ఒకరి పొడ ఒకరికి గిట్టదు.

"నాలుగింటికి ముద్దాయిని కాప్రా కట్ట మీదికి పంపిస్తున్నాను. ప్రమాదం జరిగిన చోట పంచనామా చేయించాలి. ఈలోగా నేను బోయిగూడ వెళ్ళి ఆ ఆముదం సీసా, బండీ స్వాధీనం చేసుకుని అటే కాప్రా వెళ్తాను. ఇంకేమన్నా అడగాలంటే ఇప్పుడే అడిగేయండి. రేపట్నుంచి వాడు మన చేతిలో ఉండడు."

"అడుగుడు అయిపోయింది సార్. చూసుడే మిగిలింది."

"ఏం చూస్తారండీ? వాడే ఒప్పుకున్నాక?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదించి లాభం లేదు. దేవసహాయం బయటికి నడిచాడు. స్టేషన్ ముందర, వరండా నీడలో ఆపిన జీపు చక్రాల మీద డ్రైవరు బకెట్టుతో నీళ్ళు కుమ్మరిస్తున్నాడు. నీళ్ళు పడ్డచోట సుయ్యిమంది. "ఎండలు సాబ్" అన్నాడు డ్రైవరు నవ్వి. మే నెల ఎండ మరి. దేవసహాయం తలూపి సైకిలెక్కాడు.

*

బోయిగూడలో తుకారాం ఇంటి వాకిలి సగం మనుషులది, సగం బండిది. పెట్రోలు దొరకని రోజుల్లో బండికి తగిలించిన బొగ్గు గ్యాసు డ్రమ్ము ఇప్పుడు నీళ్ళ తొట్టి అయింది. బండికి పుట్టుకతో ఉన్న కడ్డీ బ్రేకులు పీకి, డిస్పోజల్ లారీ నుంచి తెచ్చిన నూనె బ్రేకులు తుకారాం తన చేతులతో అమర్చుకున్నాడు. పీకిన కడ్డీల మీద ఇప్పుడు బట్టలు ఆరుతున్నాయి. కట్ట మీద నుంచి ఇంకో లారీకి తాడు కట్టి ఈడ్చుకొచ్చిన పికప్ రేకుల కప్పు కింద నిలబడి ఉంది. ఎడమ మడ్‌గార్డు, ఒక హెడ్‌లైటు నుజ్జయ్యాయి, ఇంజను మాత్రం చెక్కుచెదరలేదు. కాపలా పెట్టిన జవాను గుమ్మం పక్కన కునుకు తీస్తున్నాడు.

తుకారాం భార్య సుమిత్ర ఎదురొచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. మూడు రోజులుగా ఏడ్చి ఏడ్చి మొహం వాచింది గానీ మాట వణకడం లేదు.

"ఏమన్నడు సాబ్ ఆయన? ఇంక గదే పాట పాడుతున్నడా?"

"గదే పాట. చెల్లె, నువ్వన్న జెర దిమాక్ పెట్టి చెప్పు. లూకా నూనె డబ్బా ఏది?"

"తీస్కపోయిండు. సోమయ్యన్న సచ్చిన దినం పగటాల వచ్చిండు. నా తాన కూసొని మస్తు బాధపడ్డడు. పోయేటప్పుడు డబ్బా కంపెనీకి వాపస్ ఇయ్యాలె అని అడిగితె ఇచ్చిన."

ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చేతికి ఇచ్చి పంపింది మహాతల్లి. సోమయ్య శవం ఇంకా ఆస్పత్రిలో ఉండగానే ఖాళీ డబ్బా కోసం వచ్చిన పెద్దమనిషిని చూసి ఈమెకు అనుమానం ఎందుకు రాలేదో. కానీ ఎవరికి వస్తుంది? దుఃఖంలో ఉన్నవాళ్ళకు వచ్చి కూర్చున్నవాడే దేవుడు.

"నూనె మార్చేటప్పుడు నువ్వు ఉన్నవా?"

"నేను లేకుంటె ఎట్లయితది? ఆయన కింద పండి పైపులల్ల గాలి తీస్తడు. పైన కూసొని బ్రేక్ తొక్కుడు నా పని. తొక్కు అంటె తొక్కుత, ఇడువు అంటె ఇడుస్త. గీ బ్రేకులు పెట్టినప్పటి సంది గట్లనే."

"మార్చినంక బండి ఎట్ల నడిచింది? ఏ రోజు ఎట్లున్నదో అట్లనే చెప్పు."

సుమిత్ర చీర కొంగుతో మొహం తుడుచుకుని ఆలోచించింది. "గురువారం మార్చినం. శనివారం దాంక మంచిగనే ఉండె. ఆదివారం షురూ అయింది తక్లీఫ్. ఎవ్వలో ఎనకకు గుంజుతున్నట్టు బరువుగ నడిచింది. ఇంటికొచ్చేసరికి చక్రాలు కాలుతున్నయ్. సోమయ్యన్న నీళ్ళు సుత కుమ్మరిచ్చిండు. మాకు పరేషాన్ కాలే సాబ్. కొత్త నూనె పట్టు గట్టిగుంటది, రెండు దినాలు బరువనిపిస్తది అని లూకా సాబ్ ముంగటనే చెప్పిండు. తెల్లారి ఆయన జ్వరంతోటి లేవలే. సోమయ్యన్న తోల్కపోయిండు."

సోమయ్య పొద్దున్నే వచ్చి, చాయ్ తాగి, పండుకో బామ్మర్దీ అని తుకారాం భుజం తట్టి వెళ్ళాడట.

దేవసహాయం చొక్కా విప్పి బట్టల పక్కన ఆరేసి, బండెక్కి డ్రైవరు కాళ్ళ కింది చెక్క ఊడదీశాడు. బ్రేకు పెడల్ తొక్కితే నూనెను చక్రాలకు తోసే ఇనుప గొట్టం దాని కింద ఉంటుంది. లోపల రూపాయి బిళ్ళ కన్నా చిన్న రబ్బరు బిళ్ళ, నూనె వెనక్కి జారకుండా పట్టి ఉంచేది అదే. దాన్ని బయటికి లాగడానికి చెమటలు పట్టాయి. గొట్టం గోడలకు కరుచుకుపోయింది. చివరికి ఊడివచ్చి అరచేతిలో పడేసరికి అంచు వెనక్కి మడతబడి, ఉబ్బి, మెత్తగా నానిన పుట్టగొడుగులా ఉంది.

"పాత రబ్బరు ఏమన్న దాచిండా తుకారాం?"

ఆ ఇంట్లో పారేయడమన్నది లేదు. నూనె మార్చిన రోజు తీసేసిన పాత రబ్బరును సుమిత్ర మేకుల డబ్బాలోంచి తీసి ఇచ్చింది. ఏడాది పాటు ఆముదంలో పడి ఉన్నది, అయినా అంచు గట్టిగా నిలిచే ఉంది. ఇదేమో నాలుగు రోజుల్లో కుళ్ళింది. రబ్బరును ఇలా తినేది ఇంజన్ ఆయిలు. పోసిన నాడు ఏమీ తెలియదు. రోజులు గడిచేకొద్దీ రబ్బరు ఉబ్బి, ముందు బ్రేకు వదలదు, ఆ తర్వాత అసలు పట్టదు. అది పోసినవాడు బండి దరిదాపుల్లో ఉండవలసిన అవసరమే లేదు. ఇంట్లో కూర్చుని కబురు కోసం ఎదురుచూస్తే చాలు.

కానీ ఇదంతా దేవసహాయానికి తెలిస్తే సరిపోదు. పోసింది తుకారాం, ఒప్పుకున్నది తుకారాం. లూకా ఇచ్చిన డబ్బాలో ఏముందో చూపించకపోతే ఈ రబ్బరు కూడా తుకారాం మెడకే చుట్టుకుంటుంది. దిక్కుతోచక బండిలోనే కూర్చుని ఎదురుగోడ వైపు చూశాడు.

గోడలో చిన్న గూడు ఉంది. బండి మొహానికి సరిగ్గా ఎదురుగా. లోపల పసుపు బొట్లు, ఒక మట్టి ప్రమిద. ఏళ్ళ తరబడి దీపం పెట్టిన గూడు, రాళ్ళు జిడ్డెక్కి నున్నగా మెరుస్తున్నాయి. అయితే గూటి పైన గోడ మీదికి జానెడు పొడుగున నల్లటి మసి చార ఒకటి పాకింది. ముట్టుకుంటే వేలికి అంటింది. నిన్నమొన్నటి మసి.

"ఈ గూట్లె ఎప్పుడు పెడతవ్ దీపం?"

"శుక్రవారం శుక్రవారం. బండి ముంగట." సుమిత్ర ఎందుకో తల దించుకుంది. "పోయిన శుక్రవారం పెట్టిందే ఆఖరు. మంచిగ కాలలే సాబ్. నల్లగ పొగలు పొగలొచ్చినయ్, వాసన సుత. ఇంట్ల ఏదో కీడు ఉన్నదని అప్పుడే అనుకున్న. చెప్తె ఆయన నవ్విండు."

"ఎప్పుడు పెట్టే ఆముదమే గదా? ఎందుకు పొగ వచ్చింది?"

"ఆముదం కాదు సాబ్. కొత్త నూనె."

దేవసహాయం బండి దిగాడు. నెమ్మదిగా దిగాడు, తొందరపడితే ఎక్కడ ఆమె మాట చెదురుతుందోనన్నట్టు.

"జెర వివరంగ చెప్పు చెల్లె."

"బండికి పోసిన నూనెనే దీపానికి పోసుడు మా అలవాటు. బ్రేకులు పెట్టినప్పుడు మా అత్త షురూ చేసింది. బండికి ఒక నూనె, దేవునికి ఒక నూనె ఎందుకు, ఆ బండిని కాపాడేది ఆయనే గదా అన్నది. ఒకటే సీసాల ఆముదం, స్పిరిట్ కలపకముందు దీపానికి ఇంత తీసేది. ఈసారి డబ్బాల అడుగున మిగిలిన నూనె ఒంపి పెట్టిన. గట్ల పొగొచ్చేసరికి మలిపేసిన."

"ఆ నూనె పారబోసినవా?"

"ఎందుకు పారబోస్త?" ఆమెకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "చిప్పల దాచిన. తలుపు బందులకు రాయనీకి."

లూకా అన్నీ ఆలోచించాడు. సీలు ఎలా వేయాలో, బరువు లాగుతుందని ముందే ఏం చెప్పాలో, డబ్బా ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో అన్నీ. బోయిగూడలో ఒక ఇంటి అత్తాకోడళ్ళు బ్రేకు నూనెతో దేవుడికి దీపం పెడతారన్నది మాత్రం ఏ దొంగ లెక్కలోకీ రాదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఇక్కడ పొగే దొంగను పట్టిచ్చేలా ఉంది. మూడు రోజుల తర్వాత దేవసహాయానికి మొదటిసారి ఊపిరి తిన్నగా ఆడింది.

"మూడు గాజు గ్లాసులు తే. స్పిరిట్ సీసా, ఇంటి ఆముదం, ఆ చిప్ప. తొందరగ."

*

"సోడా బండి ఎప్పుడు పెట్టారండీ?"

రిక్షా దిగి లోపలికి వచ్చిన జీవరాజు ఆ దృశ్యం చూసి ఆగిపోయాడు. బనియను మీద, మోచేతుల దాకా జిడ్డుతో తన సబిన్‌స్పెక్టరు నీళ్ళ డ్రమ్ము మీద మూడు గ్లాసులు పెట్టుకుని నిలబడ్డాడు. జవాను దిగ్గున లేచి సెల్యూట్ కొట్టాడు.

"సమయానికి వచ్చిండ్రు సార్. మీరే సాక్షి." దేవసహాయం ఒక్కొక్క గ్లాసూ ఎండకు ఎత్తి చూపించాడు. "ఇది ఇంటి ఆముదం. స్పిరిట్ పోస్తే కలిసిపోయింది, ఒకటే రంగు. ఇది బండి బ్రేకుల్లోంచి తీసింది. చూడండి, కలవలే. కింద నూనె, మీద స్పిరిట్. ఇది పోయిన శుక్రవారం దీపంలో పోసింది, లూకా డబ్బాలోది. ఇది సుత కలవలే. ఆముదం స్పిరిట్‌లో కలుస్తది. ఇంజన్ ఆయిల్ కలవదు."

జీవరాజు వంగి చూశాడు. చూసినందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు వెంటనే నిటారుగా నిలబడ్డాడు. "అయితే ఏంటంటారు? పోసింది తుకారామే కదా. ఆముదం అని నేను రాసినచోట ఇంజన్ ఆయిల్ అని రాస్తాను. అంతకు మించి తేడా ఏముంది?"

"తెలిసి పోసినోడు మిగిలిన నూనె పెళ్ళాం చేతికిచ్చి దీపం పెట్టమంటడా సార్?"

"ఆమె మాటే కదా సాక్ష్యం? మొగుణ్ణి కాపాడుకోవడానికి ఆడది ఏ దీపం కథ అయినా చెబుతుంది."

"కథ నేను చెప్పలే సాబ్" అంది సుమిత్ర నెమ్మదిగా. "గోడ మీద మసి ఉన్నది. తుడిచి చూడుండ్రి."

జీవరాజు ఆమె వైపు చూడలేదు. "లూకా గారు మన చర్చి సంఘ పెద్దండీ. ఆయనకి ఈ కూరగాయల బండితో ఏం పగ?"

"తుపాకుల పెట్టె పగిలింది తుకారాం చేతిలో. ఆ సంగతి తుకారాం నాకు చెప్పిండు. నేను మీకు రిపోర్టు ఇచ్చిన. నడుమ ఇంకెవ్వరూ లేరు." దేవసహాయం గొంతు ఎంత తగ్గించినా అందులో వేడి తగ్గలేదు. "లూకాకు ఎట్ల తెలిసింది సార్?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, జీవరాజు చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళి వచ్చింది. ఆముదం తాగినట్టయింది మొహం. మాట్లాడినప్పుడు అది అధికారి గొంతులా లేదు.

"నేనే అడిగాను. పోయిన బుధవారం భోజనానికి పిలిచారు. సాటి విశ్వాసి మీద మాట వస్తే నలుగురిలో పెట్టకముందు ఒంటరిగా అడగాలని మనకి చిన్నప్పట్నుంచీ నేర్పిందే కదండీ. మర్యాద అనుకున్నాను. నవ్వేశారు. అబద్ధమని ప్రమాణం చేశారు."

"తుకారాం పేరు చెప్పినరా?"

"ఎవరన్నారని అడిగారు. చెప్పాను."

బుధవారం పేరు చెప్పాడు, గురువారం డబ్బా వచ్చింది. తన రిపోర్టు ఒక మనిషిని చంపిందేమోనన్న దిగులు ఇన్నాళ్ళూ దేవసహాయం ఒక్కడే మోశాడు. ఇప్పుడు పంచుకోవడానికి ఇంకొకడు దొరికాడు గానీ, మనసు తేలికపడలేదు. సోమయ్య తిరిగిరాడు కదా.

జీవరాజు టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "సరే. తప్పు జరిగింది, దిద్దుకుందాం. కాప్రా వెళ్ళి పంచనామా ఆపించేస్తాను. రేపు కోర్టులో గడువు అడుగుదాం. లూకా గారు కూడా అక్కడే ఉంటారు, పంచ్ సాక్షిగా సంతకం పెడతానని ఆయనే ముందుకొచ్చారు. మొహమ్మీదే అడుగుదాం."

"లూకా కట్ట మీదికి వస్తున్నడా? జీపులోనా?"

"లేదు. తుకారాంతో పాటు జీపులో రమ్మంటే ఎందుకో వద్దన్నారు. తన కారులో వస్తానన్నారు."

సుమిత్ర నీళ్ళ డ్రమ్ములోంచి చెంబెడు నీళ్ళు ముంచి దేవసహాయం జిడ్డు చేతుల మీద పోసింది. ఎండలో కాలిన బండ మీద ఆ నీళ్ళు పడి సుయ్యిమన్నాయి.

దేవసహాయం చేతులు అలాగే గాలిలో ఆగిపోయాయి. స్టేషన్ ముందర డ్రైవరు, బకెట్టు, చక్రాలు. ఎండలు సాబ్ అని నవ్విన నవ్వు. జీపు నీడలో ఉంది. ఆ జీపు స్టేషన్ వరండా నీడలో ఉంది, ఆ చక్రాలు కాలింది ఎండకు కాదు.

"సార్, మన జీపు బ్రేకులు ఎవరు చూసిండ్రు ఈ మధ్య?"

"లూకా గారి మనుషులే. సోమవారం సాయంత్రం తీసుకెళ్ళి రాత్రికల్లా ఇచ్చేశారు. సోమయ్య గతి మన కానిస్టేబుళ్ళకి పట్టకూడదని నూనె మార్పించానన్నారు. ఊరికే చేయించారు." జీవరాజు టోపీ మళ్ళీ పెట్టుకోబోయి ఆగాడు. "ఇవాళ పొద్దుట్నుంచి బండి బరువుగా లాగుతోందని డ్రైవరు అన్నాడు. కొత్త నూనె కదా, రెండు రోజులు అలాగే ఉంటుందని..."

జీవరాజు చేతి గడియారం చూసుకున్నాడు. నాలుగు దాటి చాలాసేపయింది.

ఫోను చేద్దామంటే కాప్రా కట్ట మీద ఫోను ఎవరు పెట్టారు? రిక్షావాడు అప్పుడే వెళ్ళిపోయాడు. సైకిలు తొక్కి జీపును అందుకోవడం జరిగే పని కాదు. దేవసహాయం చూపు పికప్ మీదికి వెళ్ళింది. సుమిత్ర చూపు అప్పటికే అక్కడుంది.

"పెట్రోలు ఉన్నది" అంది ఆమె. "బ్రేక్ లేదు. చేతి బ్రేకు మాత్రం వేరే. అది పాత కడ్డీతోటి పడతది. ఆయన అన్ని కడ్డీలూ పీకేస్తనంటె ఒక్కటన్న ఉంచు అని నేనే లొల్లి పెట్టిన. మస్తు గట్టిగుంటది సాబ్, రెండు చేతులతోటి గుంజాలె. మీరు స్టీరింగ్ పట్టుండ్రి. గుంజుడు నేను చూసుకుంట."

ఆమె సీటు వెనక నుంచి స్టార్టింగ్ హ్యాండిల్ తీసి జవాను చేతిలో పెట్టింది. మూడో తిప్పుకు ఇంజను దగ్గి, పొగ కక్కి, అందుకుంది. దేవసహాయం బనియనుతోనే ఎక్కి కూర్చున్నాడు. పాదం కింద బ్రేకు పెడల్ ఉత్తుత్తినే నేలదాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. సుమిత్ర పక్కన కూర్చుని, కొంగు నడుముకు దోపి, లివరు మీద రెండు చేతులూ వేసింది.

జీవరాజు వెనక తొట్టిలోకి ఎక్కాడు. మడత నలగని ఆ యూనిఫారం ఖాళీ గంపల మధ్య కూలబడింది. బండి గుమ్మం దాటుతుండగా క్యాబిన్ కిటికీలోంచి వంగి, ఇద్దరిలో ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"దూకి పారిపోతాడేమోనని, తుకారాం బేడీని జీపు సీటు కడ్డీకి వేసి తాళం పెట్టించాను. తాళంచెవి నా జేబులో ఉంది."

సుమిత్ర వెనక్కి తిరగలేదు. గల్లీ చివర వాలు దిగే మలుపు దగ్గర పడుతోంది. ఆమె లివరును ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"పోనియ్ అన్నా" అంది. "ఆపుడు నేను చూసుకుంట."